బిల్ కనింగ్‌హామ్ డాక్యుమెంటరీ పెట్టుకుని స్ట్రీట్ ఫ్యాషన్ ఫోటోలు తీయడం నేర్చుకోవాలంటే

స్ట్రీట్ ఫ్యాషన్ ఫోటోలు తీయాలని ఉంది, ఎక్కడ మొదలెట్టాలో తెలీట్లేదు అనేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. కొత్త కెమెరా కొనకముందే, ఏ కోర్సులోనూ చేరకముందే, బిల్ కనింగ్‌హామ్ న్యూయార్క్ అనే డాక్యుమెంటరీ చూడండి. రిచర్డ్ ప్రెస్ తీశారు, 2010లో వచ్చింది, 84 నిమిషాలే ఉంటుంది. న్యూయార్క్ టైమ్స్ పేపర్ కోసం కొన్ని దశాబ్దాలు రోడ్డు మీద నిలబడి జనాల బట్టలు ఫోటో తీసిన పెద్దాయన గురించి. 1929లో బోస్టన్‌లో పుట్టారు, 2016లో 87 ఏళ్ళకి పోయారు, దాదాపు చివరిదాకా సైకిల్ మీద తిరుగుతూ తీస్తూనే ఉన్నారు.

ఈ సినిమా చూసి చాలామంది ఆయన జీవితం ఎంత సింపుల్‌గా ఉందో అని ఆశ్చర్యపోయి వదిలేస్తారు. అది కూడా నిజమే, కార్నెగీ హాల్ పైనున్న చిన్న స్టూడియోలో ఉండేవారు, వంటగది లేదు, బాత్రూమ్ బయట వరండాలో అందరికీ కలిపి ఒకటే, గదినిండా నెగటివ్‌లు దాచిన ఇనప బీరువాలు, వాటి మధ్యలో సన్నటి మంచం. కానీ అందులో ఒక పూర్తి పని పద్ధతి ఉంది, ఎక్కడ నిలబడాలి, ఏం చూడాలి, ఏది తీయకూడదు, తీసినవాటిని ఏం చేయాలి, అన్నీ ఉన్నాయి. దాన్ని మన చేతికి ఎలా తెచ్చుకోవాలో నాకు తెలిసినంత చెప్తా.

ముందు సినిమా చూసే పద్ధతి. మొదటిసారి మామూలుగా చూసేయండి, ఆయన నవ్వు చూడండి, ఆ ఉత్సాహం చూడండి. రెండోసారి రిమోట్ చేతిలో పెట్టుకుని చూడండి. ఆయన రోడ్డు మీద ఉన్న సీన్ వచ్చినప్పుడల్లా ఆయన కళ్ళు ఎటు పోతున్నాయో గమనించి, కెమెరా ఎత్తగానే పాజ్ కొట్టి, ఆ ఫ్రేమ్‌లో ఆయన్ని లాగింది ఏంటో ఒక కాగితం మీద రాయండి. చెప్పులా, కోటు వెనక కుట్టా, టోపీయా, నడిచేటప్పుడు గుడ్డ ఊగిన తీరా? ఇలా రాస్తూ పోతే ఒక విషయం మీకే తెలిసిపోతుంది, మొహాలు చాలా తక్కువసార్లు వస్తాయి, ఆయన ముందు బట్ట చూస్తారు, ఆ తర్వాతే మనిషి.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ గ్రెటా గార్బో ఫోటో. 1978లో రోడ్డు మీద ఒకావిడ కోటు భుజం కట్ బాగా కుదిరిందని తీశారు. ఆవిడ ఎవరో తీసేటప్పుడు ఆయనకి తెలీదు, గార్బో అని తర్వాతే తెలిసింది. ఆ ఫోటోతో పాటు ఆయన తీసిన మరికొన్ని కలిపి డిసెంబర్ 30న టైమ్స్‌లో వేశారు, వీధి ఫోటోలకి ఆ పేపర్లో దారి తెరుచుకుంది అక్కడే. హాలీవుడ్‌లో అంత పెద్ద పేరున్న మనిషి ఎదురొస్తే ఆయన చూసింది భుజం కుట్టుని. మీరు తీసే ప్రతి ఫోటోకి ముందు ఈ ప్రశ్న వేసుకోండి, ఇదే డ్రెస్ ఇంకెవరు వేసుకున్నా తీసేదాన్నా, తీసేవాణ్ణా? కాదు అనిపిస్తే మీరు తీస్తున్నది అందమైన మనిషిని, ఫ్యాషన్‌ని కాదు, కెమెరా దించేయండి.

ఈ చూపు రావాలంటే బట్టల గురించి తెలియాలి, ఇక్కడ షార్ట్‌కట్ ఏం లేదండీ. బిల్ ఫోటోగ్రాఫర్‌గా మొదలవలేదు, కుర్రాడిగా ఉన్నప్పుడు హార్వర్డ్‌లో చదువు మానేసి 1948లో న్యూయార్క్ వచ్చి, విలియమ్ జె అనే పేరుతో ఆడవాళ్ళ టోపీలు తయారుచేసి అమ్మారు. గుడ్డని చేత్తో మడిచి, కత్తిరించి, కుట్టిన మనిషి కాబట్టి ఫర్లాంగు దూరం నుంచి కూడా ఏది బాగా కుదిరిందో తెలిసేది. కెమెరా వచ్చింది చాలా తర్వాత, 1967 ఆ ప్రాంతంలో, డేవిడ్ మాంట్‌గోమరీ అనే ఫోటోగ్రాఫర్ ఒక చిన్న ఒలింపస్ కెమెరా ఇచ్చి దీన్ని నోట్‌బుక్ లాగా వాడుకో అన్నాడట. ఆ మాట మీ ఫోన్‌కి కూడా సరిగ్గా సరిపోతుంది.

మనం ఏం చేయొచ్చంటే, మీ వీధిలో టైలర్ దగ్గర ఓ మధ్యాహ్నం కూర్చోండి, చంక దగ్గర గుడ్డ ఎందుకు లాగుతుంది, ప్రిన్సెస్ కట్ అంటే ఏంటి, ఫాల్ ఎందుకు కుడతారు అని అడగండి. చేనేత షాపుకెళ్ళి చీరలు విప్పించుకుని చూడండి. పోచంపల్లి ఇక్కత్‌లో నేయకముందే నూలుకి ముడులేసి రంగు అద్దుతారు కాబట్టి డిజైన్ అంచులు ఈకల్లాగా కాస్త చెదిరినట్టు ఉంటాయి, ప్రింట్ వేసిన ఇక్కత్‌లో ఆ చెదురు సహజంగా రాదు, వెనక్కి తిప్పి చూస్తే రంగు కూడా వెలిసినట్టు ఉంటుంది. గద్వాల చీరలో ఒళ్ళంతా కాటన్, అంచూ పల్లూ పట్టు, రెండూ కలిపే పని వేరుగా చేస్తారు, అందుకే మనిషి నడుస్తుంటే ఒళ్ళు ఒకలాగా అంచు ఒకలాగా కదులుతుంది. ఇది తెలిసినవాళ్ళకి బస్ స్టాప్‌లో గద్వాల కట్టుకున్న టీచరమ్మ కనిపిస్తే ఎక్కడ ఫోకస్ పెట్టాలో ఎవరూ చెప్పక్కర్లేదు. తెలీనివాళ్ళు మొహం తీసుకుని వచ్చేస్తారు.

ఇక నిలబడే చోటు. బిల్‌కి ఇష్టమైన మూల ఫిఫ్త్ అవెన్యూ, 57వ వీధి కలిసే చోటు. అన్నేళ్ళు మళ్ళీ మళ్ళీ అక్కడే. ఆయన పోయాక 2016లో ఆ మూలకి కొన్నాళ్ళు ఆయన పేరే పెట్టారు. ఒకే చోట నిలబడితే ఏమొస్తుంది అనుకుంటారు గానీ, చోటు మారకపోతేనే మార్పు కనిపిస్తుంది. నిన్నటికీ ఇవాళ్టికీ వెలుగు అదే, బ్యాక్‌గ్రౌండ్ అదే, మారేది బట్టలు మాత్రమే. రోజుకో ఏరియా తిరిగేవాళ్ళకి అంతా కొత్తగానే కనిపిస్తుంది, ఏది నిజంగా కొత్తదో పట్టుకోలేరు.

మూల ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి: జనం నడిచి రావాలి, బండ్ల మీద దూసుకుపోయే చోటు పనికిరాదు, రకరకాల డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ కలవాలి, వెనక గోడ గానీ ఖాళీ గానీ ఉండాలి, ఎండ ఒక పక్క నుంచి పడాలి. హైదరాబాద్‌లో అయితే కోఠి సుల్తాన్ బజార్, సికింద్రాబాద్ జనరల్ బజార్, అమీర్‌పేట మెట్రో మెట్లు దిగి బయటికొచ్చే చోటు, రంజాన్ రాత్రుళ్ళు లాడ్ బజార్. విజయవాడలో బీసెంట్ రోడ్డు. అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్ వైపు ఉండే మనవాళ్ళకైతే బిల్ నిలబడిన అసలు మూలే అందుబాటులో ఉంది, రైలెక్కి న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో దిగి అక్కడి నుంచి నడుచుకుంటూ పోవచ్చు, దారంతా చూడటానికే.

గేర్ గురించి ఎక్కువ చెప్పను. ఆయన ఆ సినిమాలో వాడింది మామూలు నైకాన్ ఫిల్మ్ కెమెరా, ఫ్లాష్ కూడా లేకుండా వీధిలో. ఒంటి మీద నీలం రంగు కోటు, పారిస్‌లో రోడ్లు ఊడ్చేవాళ్ళు వేసుకునేది, చవగ్గా దొరుకుతుంది, జేబులు బాగుంటాయని అదే వేసేవారు. వానకి ప్లాస్టిక్ పోంచో చిరిగితే టేప్ అంటించి వాడేవారు. మీ దగ్గర కెమెరా ఉంటే 35 ఎంఎం లెన్స్ పెట్టి, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు లోపలికొచ్చే రంధ్రం) ఎఫ్ 8 దగ్గర ఉంచి, ఫోకస్ 3 మీటర్లకి ఫిక్స్ చేసేయండి, ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉండే) కెమెరా మీద సుమారు 2 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అంతా షార్ప్‌గానే వస్తుంది, ఇంక ఫోకస్ కోసం తడుముకోనక్కర్లేదు. నడిచేవాళ్ళకి షట్టర్ స్పీడ్ 500 దగ్గర, అంటే సెకనులో 500వ వంతు, పెట్టండి, 250 కంటే కిందికి పోవద్దు. ఫోన్ అయితే పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయండి, చున్నీ కుచ్చుల్నీ జడనీ అది బ్లర్‌లో కలిపేస్తుంది, మనకి కావాల్సిందే పోతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, కెమెరా కంటి ఎత్తులో కాకుండా ఛాతీ కింద నుంచి నడుము ఎత్తు మధ్యలో పట్టుకోండి. పైనుంచి తీస్తే కాళ్ళు పొట్టిగా, తల పెద్దగా వచ్చి డ్రెస్ నిష్పత్తి మొత్తం పాడవుతుంది. చెప్పులు కట్ అయిన ఫోటో ఫ్యాషన్ ఫోటో కాదు, కొంగు దాకా వచ్చి పాదాలు లేకపోతే ఆ మనిషి ఆ చీర మీద స్నీకర్స్ వేసుకుందా హవాయి చెప్పులేసుకుందా అన్న అసలు కథే పోయినట్టు. ఇంకోటి, అడుగు ముందుకి పడే క్షణంలో తీయండి, అప్పుడే కుచ్చిళ్ళు విచ్చుకుంటాయి. మన మిట్టమధ్యాహ్నం ఎండ రంగుల్ని చంపేస్తుంది కాబట్టి ఉదయం 9 లోపు గానీ సాయంత్రం 4 దాటాక గానీ, లేదా మబ్బు పట్టిన రోజున వెళ్ళండి. వాన మొదలైతే ఇంటికి పరిగెత్తకండి. బిల్‌కి తుఫాన్లూ మంచూ అంటే పండగ, నీటి గుంటలు దూకే జనాల్ని వదిలేవారు కాదు, ఎందుకంటే అలాంటప్పుడు ఎవరూ పోజు ఇవ్వరు, బట్టని ఎలా కాపాడుకోవాలా అన్నదే ధ్యాస.

ఇప్పుడు అసలైన పని, ప్యాటర్న్ వెతకడం. టైమ్స్‌లో వచ్చే ఆయన ఆన్ ది స్ట్రీట్ అనే పేజీలో ఒక్క ఫోటో గొప్పగా వేయడం ఉండేది కాదు, ఒకే విషయం మీద చిన్న చిన్న ఫోటోలు గుంపుగా ఉండేవి. ఈ వారం అందరూ తెల్ల కోట్లు వేస్తున్నారా, ఒకే రకం బూట్లా, అలా. ఆయన ముందే అనుకుని బయల్దేరేవారు కాదు, నేను వీధికి చెప్పడం కాదు, వీధే నాతో మాట్లాడాలి అన్నట్టు ఉండేది ఆయన తీరు. రెండు మూడు సార్లు ఒకటే కనిపిస్తే అప్పుడు దాని వెంట పడేవారు.

మొదటి ప్రాక్టీస్‌కి మన దగ్గర ఒక మంచి సబ్జెక్ట్ ఉంది, స్కూటీ నడిపే అమ్మాయిలు ఎండకీ దుమ్ముకీ వేసుకునే సరంజామా. చున్నీని మొహానికి చుట్టి కళ్ళు మాత్రమే కనిపించేలా వెనక ముడేసే పద్ధతులు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉంటాయి, మోచేతి దాకా గ్లౌజులు, పైన కాటన్ జాకెట్, అది కూడా పూలది ఒకరు, చెక్స్ ఒకరు, వాళ్ళ నాన్న చొక్కా తిరగేసి వేసుకునే వాళ్ళు ఇంకొకరు. ఏ డిజైనరూ చెప్పకుండా, ఏ షోరూమూ అమ్మకుండా, వాళ్ళంతట వాళ్ళే కనిపెట్టుకున్న ఫ్యాషన్ ఇది. మన ఫ్యాషన్ మ్యాగజైన్‌లలో దీనికి పేజీలు దొరకడం నేను చూడలేదు, నాకు అది చాలా బాధగా ఉంటుంది. సిగ్నల్ పడిన చోట ఫుట్‌పాత్ మీద నిలబడి తీయొచ్చు, మొహం ఎలాగూ కప్పే ఉంటుంది కాబట్టి మొదటిసారి తీసేవాళ్ళకి భయం కూడా తక్కువ, అయినా నంబర్ ప్లేట్ ఫ్రేమ్‌లో రానివ్వకండి.

ఇక ఈ సినిమాలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం గురించి. టైమ్స్‌కి ముందు ఆయన విమెన్స్ వేర్ డైలీ అనే ఫ్యాషన్ పత్రికకి పనిచేసేవారు. ర్యాంప్ మీద మోడల్స్ వేసుకున్న డ్రెస్సుల్నే మామూలు ఆడవాళ్ళు కొనుక్కుని తమ జీవితంలో ఎలా వేసుకుంటున్నారో చూపించాలని ఫోటోలు తీశారు, అది వాళ్ళకి గౌరవం అనుకుని. పత్రిక వాళ్ళు ఆ ఫోటోల మీద రాత మార్చేసి, మోడల్‌తో పోల్చి ఆ ఆడవాళ్ళని వెక్కిరించేలా వేశారు. ఆయన తట్టుకోలేకపోయారు, అక్కడ మానేశారు. డాక్యుమెంటరీలో ఆయన స్నేహితులు ఇది చెప్తుంటే నాకైతే గొంతు పట్టేసింది. ఒక మనిషి పొద్దున్నే అద్దం ముందు నిలబడి తనకి నచ్చింది వేసుకుని బయటికొచ్చాడు, దాన్ని తీసుకెళ్ళి నవ్వులపాలు చేయడానికి మనకి హక్కు లేదు. ఇప్పుడు ఎవరో పెద్దావిడ పెళ్ళికి మెరుపుల చీర కట్టుకొస్తే, ఎవరో కుర్రాడు జుట్టుకి రంగేసుకుంటే, వీడియో తీసి మీమ్ పేజీలో పడేసే జనం ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మీ ఫోటో ఆ పేజీలో సరిపోయేలా ఉంటే పోస్ట్ చేయకండి. క్యాప్షన్ రాసి, ఆ మనిషికి ఎదురుగా నిలబడి పైకి చదవగలరా అని ఆలోచించండి, చదవలేకపోతే కొట్టేసి మళ్ళీ రాయండి.

పర్మిషన్ సంగతి కూడా ఇక్కడే. న్యూయార్క్‌లో రోడ్డు మీద ఫోటో తీయడానికి అడగనక్కర్లేదు, అయితే ఆ ఫోటోని యాడ్‌కి వాడాలంటే మాత్రం రాతపూర్వకంగా ఒప్పుకోవాలని ఆ రాష్ట్ర చట్టమే ఉంది. బిల్ ఎక్కువగా అడగకుండానే తీసేవారు, కానీ అక్కడి వాళ్ళకి నీలం కోటు పెద్దాయన ఎవరో తెలుసు, ఆయన తీస్తే సంతోషించేవారు. మనకి ఆ నమ్మకం ఇంకా లేదు కదా, కాబట్టి దగ్గర నుంచి తీసేటప్పుడు అడగండి. "అక్కా, మీ చీర అంచు చాలా బాగుంది, ఒక ఫోటో తీసుకోవచ్చా, మొహం రాకుండా తీస్తా" అంటే చాలామంది కాదనరు, పైగా ఆ చీర ఎక్కడ కొన్నారో, ఎవరు పెట్టారో కూడా చెప్తారు, అది క్యాప్షన్‌కి పనికొస్తుంది. పెద్దవాళ్ళయితే "బాబాయ్ గారూ, పంచె కట్టు బాగుందండీ" అని మొదలెట్టండి. వద్దంటే నవ్వి దండం పెట్టి వదిలేయండి, తీసేసి ఉంటే వాళ్ళ ముందే డిలీట్ చేసి చూపించండి. మగవాళ్ళు ఒక్కరే వెళ్ళి ఆడవాళ్ళ ఫోటోలు తీయకుండా అక్కనో, చెల్లినో, క్లాస్‌మేట్ అమ్మాయినో వెంట తీసుకెళ్తే అందరికీ ఇబ్బంది తక్కువ. పిల్లల ఫోటోలు పేరెంట్స్ ఒప్పుకోకుండా పెట్టొద్దు. మెట్రో లోపల, మాల్స్ లోపల, ఆఫీసు గేట్ల దగ్గర సెక్యూరిటీ వద్దంటే వాదన పెట్టుకోకండి, మన పని రోడ్డు మీదే.

డబ్బు గురించి ఆయన చాలా కటువుగా ఉండేవారు. డీటెయిల్స్ అనే పత్రికకి పేజీలకి పేజీలు ఫోటోలు ఇచ్చి వాళ్ళ చెక్కులు మార్చుకోలేదు, డబ్బు తీసుకోకపోతే ఇలా చెయ్యి అని ఎవరూ చెప్పలేరు అనేవారు. పెద్ద పెద్ద పార్టీలకి ఫోటోల కోసం వెళ్ళి మంచినీళ్ళు కూడా ముట్టేవారు కాదు. అందరూ అలా బతకలేరు, ఇంటి అద్దె కట్టాలి, నాకు తెలుసు. కానీ ఇంతవరకైనా చేయండి, బొటిక్ వాళ్ళు ఫ్రీగా ఇచ్చిన డ్రెస్ వేయించి తీసిన ఫోటోని వీధి ఫోటోల మధ్యలో కలపకండి. అది కొలాబ్ అని విడిగా పెట్టండి. బిల్‌కి సెలబ్రిటీల మీద ఆసక్తి లేకపోవడానికి కారణం కూడా ఇదే, వాళ్ళ బట్టలు ఊరికే వచ్చినవి, సొంత డబ్బు పెట్టి కొనుక్కున్నవాళ్ళు ఏం ఎంచుకున్నారన్నదే ఆయనకి కావాలి. పారిస్‌లో ఫ్రెంచ్ సినిమా తార కేథరిన్ డెన్యూవ్ వస్తే ఫోటోగ్రాఫర్లంతా ఎగబడుతుంటే ఆయన ఊరికే చూస్తూ ఉండిపోయిన సీన్ తప్పకుండా రెండుసార్లు చూడండి.

మీకు ఫోటోల కంటే సినిమా తీయాలని ఉంటే, మీ ఊళ్ళో ఇలాంటి మనిషి ఎవరైనా ఉండి వాళ్ళ మీద డాక్యుమెంటరీ చేయాలనుకుంటే, ఈ సినిమా దర్శకుడు రిచర్డ్ ప్రెస్ ఎలా తీశారో అది నేర్చుకోండి. బిల్‌ని ఒప్పించడానికే సుమారు 8 ఏళ్ళు పట్టింది. ఒప్పుకున్నాక కూడా లైట్లూ మైకులూ పెద్ద యూనిట్ ఏం లేకుండా, చిన్న కెమెరాలతో ఇద్దరు ముగ్గురే వెంట తిరిగారు, ఆయన పని ఆగకుండా. నిర్మాత ఫిలిప్ గెఫ్టర్ టైమ్స్ పేపర్లోనే పనిచేసిన మనిషి కావడం కూడా కలిసొచ్చింది. అంటే ముందు ఆ మనిషికి అలవాటైపోవాలి, కెమెరా తర్వాత.

ఆఖరి మెట్టు పేజీ కట్టడం, కొత్తవాళ్ళు ఎక్కువగా వదిలేసేది ఇదే. సినిమాలో బిల్ ఆఫీసులో కంప్యూటర్ దగ్గర కుర్రాడి పక్కన కూర్చుని, ఇది అటు జరుపు, దాన్ని కాస్త చిన్నది చెయ్ అని వేళాకోళం చేస్తూ పేజీ కట్టించే సీన్లు ఉన్నాయి, నాకు అవంటే ప్రాణం. వారం చివర మీ ఫోటోలన్నీ ముందేసుకుని ఒకే థీమ్‌లో పడేవి 12 తీయండి, మిగతావి ఎంత బాగున్నా పక్కన పెట్టండి. ఒకటి పెద్దది, దాని చుట్టూ చిన్నవి, పైన రెండు మూడు మాటల హెడ్డింగ్. ఇన్‌స్టాలో ఒక్కొక్కటిగా వేసేబదులు ఇలా ఒకే పేజీగా చేసి ఏ3 సైజులో జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్ తీయించండి, ఆ మూలలో రోజూ కనిపించేవాళ్ళకి, ఫోటోలో ఉన్నవాళ్ళకి ఇవ్వండి. పూలమ్మే ఆవిడకి ఒకటి ఇచ్చారంటే వచ్చే వారం ఆవిడే మిమ్మల్ని పిలిచి "అదుగో ఆ అమ్మాయి డ్రెస్ చూడు" అని చూపిస్తుంది.

తీసినవన్నీ దాచుకోండి, పనికిరానివి అనిపించినవి కూడా. ఫోల్డర్ పేరులో తేదీ, చోటు, బట్ట మూడూ రాయండి, "2025 జూన్ కోఠి వాన పంచెలు" లాగా, అప్పుడు నాలుగేళ్ళ తర్వాత వెతికినా దొరుకుతుంది. ఒకేసారి రెండు మూడు థీమ్‌లు నడుపుతూ ఉండండి, ఒకదానికి ఫోటోలు నిండటానికి వారం పట్టొచ్చు, ఇంకోదానికి సీజన్ అంతా పట్టొచ్చు, మన పెళ్ళిళ్ళ నెలల్లో బ్లౌజు చేతుల పొడవు ఎలా మారుతుందో అన్నదానికైతే ఏళ్ళే పడతాయి, అది ఇప్పుడే మొదలెట్టండి.